గోడ కుడిచేతికి

అక్కా, బాగున్నావా? నువ్వు పోయి మూడేళ్ళు దాటింది. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క రాయలేదని తిట్టుకుంటున్నావేమో... తిట్టుకో. నీ చేతికి చీపురు అందదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

మన నీలు నిన్న పరాయి దేశంలో పోటీ చేసింది. అవును, నీ కూతురే. నీళ్ళు తెమ్మని పంపితే బిందె అరుగు మీద పెట్టి కుక్కపిల్లతో పందెం వేసుకున్న పిల్ల.

నువ్వు చూసింది జిల్లా పరుగు పందెం దాకానే కదా. తర్వాత బడిలో ఆటల సారు దానికి కొత్త ఆట చూపించాడు. ట్రయథ్లాన్. ముందు ఈత, తర్వాత సైకిలు, ఆపైన పరుగు... మూడూ ఒక్కరే చెయ్యాల, మధ్యలో కూర్చునేది లేదు. మూడింటికి ముగ్గురు కావాలంట, పరుగు నీ వంతే బావా అని నేను చెబితే, నీ మొగుడు నమ్మి నాలుగు రోజులు పొద్దున్నే చేను చుట్టూ పరుగెత్తాడు. ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు.

దానికి సైకిలు నా పాత డొక్కు నేర్పింది. పరుగు నీ చీపురు నేర్పింది. ఈత మాత్రం మన చేనిబావి. ఎండిన కిత్తనార బెండ్లు మునగకుండా దాని వీపుకు కట్టి, మెట్ల మీద కూర్చుని అరిచేదానివి. "గోడ కుడిచేతికి ఉండాల. అలుపొస్తే పట్టుకో. నడిమికి పోయినావంటే కాళ్ళు ఇరగ్గొడతా." అది చుట్టు తిరిగి వస్తే నవ్వేదానివి. "ఎంత ఈదినా మళ్ళా మెట్ల కాడికే వస్తాండావు కదే, యాడికి పోతావులే."

నీకే ఈత రాదు. దానికెట్లా నేర్పావక్కా?

ఆ బావి ఏం చేసిందో మొదటిసారి సముద్రంలో పోటీ పెట్టినప్పుడు తెలిసింది. అందరూ తిన్నగా పోతుంటే మన పిల్ల ఎడమకు తిరుగుతూ తిరుగుతూ చేపల పడవల దగ్గర తేలింది. గుండ్రటి నీళ్ళు తప్ప ఎరగదు మరి. సారు తల పట్టుకున్నాడు. అప్పటినుంచి విడపనకల్లు కాలవకు నీళ్ళు వదిలినప్పుడల్లా అది ఈదడం, నేను గట్టు మీద మోపెడ్‌లో పోతూ అరవడం. "ఎడమకు పోతాండావే, బర్రె మాదిరి." కాలవ ఎండితే మా చదువూ ఎండేది. ఎట్లాగో దారిలో పడింది. రాష్ట్రం తరపున ఈదింది, తర్వాత దేశం తరపున పిలుపొచ్చింది.

నిన్న నా భయం ఒకటే. ఈతలో బాగా వెనకబడి, సైకిలు మీద ముందువాళ్ళు ఒక చుట్టు ఎక్కువ వేసి దాటేస్తే, మధ్యలోనే ఆపి పంపించేస్తారంట. అంత దూరం పోయి, అట్లా దిగిపోవాల్సి వస్తే?

రాయదుర్గంలో నేను పనిచేసే జీన్సు కుట్టే షెడ్డులో మిషన్లన్నీ ఆపేశారు. ప్యాంట్ల కట్ట మీద ఫోను నిలబెట్టి చూశాం. నీళ్ళ మీద పసుపురంగు పెద్ద బుడగ ఒకటి ఉంది. దాన్ని ఎడమకు పెట్టుకుని తిరగాలి. అక్కడ అందరూ ఒకరి మీద ఒకరు పడి, తలలెత్తి దారి వెతుక్కుంటున్నారు. వాళ్ళ పక్కనుంచి ఒక తల... ఎత్తలేదు, ఆగలేదు, గుండ్రంగా తిరిగిపోయింది. నలుగురైదుగురిని వెనకేసింది. అక్కా, అంత సముద్రంలో గోడ ఎక్కడుంది? అది మాత్రం గోడ వెంబడే పోయింది.

మేం మాన్పించాలని గొంతు చించుకున్నది ఆ ఎడమ తిరుగుడునే కదా...

తిరిగి తిరిగి, బయలుదేరిన ఒడ్డుకే వచ్చింది. మెట్ల కాడికే. నీ మాట గుర్తొచ్చి నవ్వబోయాను. నవ్వు రాలేదు.

మెడల్ రాలేదులే. దాని ముందు చాలామంది ఉన్నారు, వెనకా ఉన్నారు. ఎవరూ ఆపలేదు, చివరి గీత దాకా పరుగెత్తింది. నువ్వు బెండ్లు కట్టిన వీపు మీద దేశం పేరు రాసి ఉంది. రాత్రి ఫోను చేసి, "మామా, నీ నోరు లేకపోయినా తిన్నగానే పోయినా" అంది. పొగరు నీదే.

బావిలో ఇప్పుడు చుక్క నీళ్ళు లేవు. పూడ్చి చదును చేద్దామంటున్నాడు బావ. ఇది వేళాకోళం కాదక్కా... నేనున్నంతవరకు ఆ మెట్ల మీద మట్టి పడనీయను.

నీ చీపురు దెబ్బలు తిన్న తమ్ముడు,
ఓబులేసు