బలవంతమేమీ లేదు

చిరంజీవి గెర్వేజ్‌ను మనసారా దీవించి మీ అమ్మ రాస్తున్న సంగతులు.

ఇక్కడ అందరం క్షేమంగానే ఉన్నాం. అందరం అంటే నేనూ, మన పాత పనిమనిషి గున్నిల్డూ, పాదరీ థర్స్టన్ గారూ, వంటింట్లో ఇద్దరూ. మీ నాన్న పోయాక పెద్ద ఇల్లూ పొలాలూ నీ సంరక్షకుడు సర్ డ్రోగో చేతికి వెళ్ళాయి కదా. విధవ వాటాగా నాకు మిగిలిన ఈ నది ఒడ్డు ఇంట్లో 'అందరం' అంటే ఇంతే. నీ దగ్గు తగ్గిందని చదివి గుడిలో కొవ్వొత్తి వెలిగించాను. ఈ ఉత్తరం ఉన్ని వ్యాపారి హామన్ తెస్తున్నాడు. నీ చేతికి తప్ప ఇవ్వనని సిలువ ముట్టుకుని చెప్పాడు కాబట్టి దాపరికం లేకుండా రాస్తున్నాను. చదివాక పొయ్యిలో పడెయ్యి.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెబుతాను. స్టర్డీ బతికే ఉంది, కానీ కుంటుతోంది. రాజుగారి జింకల వెంట పడకుండా అడవి పక్క ఊళ్ళలో పెద్ద కుక్కలకు ముందరికాలి గోళ్ళు మూడు నరికిస్తారని నీకు తెలియనిదేం కాదు. అడవి కాపలావాళ్ళు వచ్చినప్పుడల్లా నువ్వు దాన్ని గడ్డివాము వెనక దాచేవాడివి. ఈసారి దాచేవాళ్ళు లేక దొరికిపోయింది. తిండి మాత్రం మానలేదు, వాకిట్లో గుర్రం చప్పుడైతే నువ్వేమో అనుకుని లేస్తుంది.

పాముచేపల కూర వండుతున్నామా అని అడిగావు. గున్నిల్డ్ పాత అలవాటు కొద్దీ మనందరికీ సరిపడా వండిస్తుంది. నేనొక్కదాన్నే బల్ల ముందు కూర్చుని తిన్నంత తిని లేస్తాను. ఇంత పెద్ద బల్ల ఎందుకు చేయించావని మీ నాన్నను ఇప్పుడు తిట్టుకుంటున్నాను. తిట్టడానికైనా ఆయన గుర్తొస్తే బాగుంటుంది.

కొండవాలు ఓక్ చెట్ల సంగతి రాయకపోతే నువ్వే మళ్ళీ అడుగుతావు. డ్రోగో మనుషులు సగం కొట్టేశారు. కంచే చేను మేస్తోంది నాయనా. పిల్లవాడి ఆస్తిని కాపాడేవాడు దాన్ని పాడుచేయకూడదని పత్రంలో రాసే ఉంది. ఇప్పటి రాజుగారి తండ్రిగారి చేత ప్రభువులంతా కలిసి నది ఒడ్డు బయలులో ముద్ర వేయించారే, ఆ పత్రంలో. మీ తాతయ్య ఆ రోజు అక్కడే ఉన్నానని గొప్పలు పోతుంటే, "ఉన్నావులే నాన్నా, గుర్రాలు పట్టుకుని" అని మీ నాన్న ఏడిపించేవాడు. చెట్ల గురించి న్యాయస్థానంలో ఫిర్యాదు రాయించాను. విచారణకు వచ్చేలోపు మిగతా సగం ఉంటాయో లేదో తెలియదు.

కోతల రోజుల్లో డ్రోగో స్వయంగా మనింటికి వచ్చాడు, తమ్ముడు వారిన్‌ను వెంటబెట్టుకుని. ఆ మాట నీ చెవిన వేసే ఉంటాడు. అయినా జరిగింది జరిగినట్టు నా నోట వినడం మంచిది.

వారిన్ పెద్దగా మాట్లాడలేదు. కోడిని మాత్రం ఎముకలతో సహా నమిలాడు. చేతులు తుడుచుకుంటూ కిటికీలోంచి చూసి, "మీ గట్టు ఆ తుంగ పొదల దాకానా, ఇంకా అవతలికా?" అని అడిగాడు. నన్ను చూసిన దానికంటే గట్టునే ఎక్కువ చూశాడు.

డ్రోగో మాత్రం తేనె పూసినట్టు మాట్లాడాడు. "చూడండి హవీస్ గారూ, మా తమ్ముడితో మీ పెళ్ళి జరిగితే రాజుగారు సంతోషిస్తారట. బలవంతమేమీ లేదు. ఇదివరకైతే విధవల్ని ఎవరికి పడితే వాళ్ళకి కట్టబెట్టేవాళ్ళు. ఆ రోజులు పోయాయి, ఇప్పుడు పత్రం ఉంది. మీ ఇష్టం మీది."

"నా ఇష్టం వద్దనైతే?" అన్నాను.

"వద్దంటే వద్దు. కాకపోతే పిల్లాడు ఇరవై ఒకటి నిండేదాకా నా దగ్గరే ఉంటాడు, అది నా హక్కు. ఔనన్నారనుకోండి, అందరం ఒకే కుటుంబం అవుతాం కదా, వాణ్ణి ఇక్కడికే పంపించేస్తాను. క్రిస్మస్‌కల్లా మీ కళ్ళ ముందుంటాడు."

నేను పాదరీ గారి వైపు తిరిగి, పిల్లవాణ్ణి తల్లి దగ్గర ఉంచాలని పత్రంలో ఎక్కడైనా ఉందా అని అడిగాను. పాపం ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "లేదమ్మా. వాడి పొలం గురించి రాశారు, చెరువు గురించి రాశారు, మిల్లు గురించి రాశారు. వాడెక్కడ పెరగాలన్నది ఎవరూ రాయలేదు."

వాళ్ళు వెళ్ళాక గున్నిల్డ్ ఊరుకోలేదు. "ఒప్పేసుకో తల్లీ. మొగుడంటే ఏముంది, చలికాలం పొయ్యి లాంటోడు. పొగొచ్చినా వెచ్చగుంటది," అంది.

"ఆ పొయ్యికి మన అడవంతా కట్టెలు కావాలే," అన్నాను. అది నవ్వింది కానీ నేను నవ్వలేకపోయాను.

నీ ఉత్తరం ఆ తర్వాతే వచ్చింది. చివర్లో నువ్వు రాసిన మాట నాకు కంఠతా వచ్చేసింది. "అమ్మా, ఔనని చెప్పు. నాకు ఇంటికి రావాలని ఉంది." పక్కన ఎవరైనా నిలబడి రాయించారేమో నాకు తెలియదు. నీ మాటే అనుకుని జవాబు రాస్తున్నాను. కుక్క గురించీ కూర గురించీ అంత పొడుగ్గా చెప్పి దీని దగ్గరికి ఇప్పుడు వస్తున్నానంటేనే నీకు అర్థమై ఉంటుంది.

నేను వద్దన్నాను, గెర్వేజ్.

కోతలు ముగిసి సెయింట్ మైకేల్ పండుగ వెళ్ళాక గ్లోస్టర్ కోటలో కౌంటీ సభ జరిగితే అక్కడికి వెళ్ళి అందరి ముందూ చెప్పి వచ్చాను. పెళ్ళి వద్దనడం కూడా ఊరికే కుదరదు. రాజుగారి అనుమతి లేకుండా ఇంకెవరినీ చేసుకోనని ఇద్దరు భూస్వాముల్ని జామీనుగా తేవాలి. మీ నాన్న స్నేహితులు మన బల్ల దగ్గర కూర్చుని, ఇక రాజైనా చట్టం కిందే అంటూ మాటలు కోటలు దాటించేవాళ్ళు. తీరా అడిగితే ఒకాయనకు మోకాలి నొప్పి, ఇంకొకాయన కూతురు ప్రసవానికి వచ్చిందట. డ్రోగోతో విరోధం ఎవరికీ అక్కర్లేదు. చివరికి పాదరీ గారి బావగారు ఒక్కరు ఒప్పుకున్నారు. రెండోవాడు లేకుండానే బయల్దేరాను.

సభలో నా జవాబు రాసుకుని గుమాస్తా రెండో జామీను ఎవరని అడిగాడు. నేను నోరు విప్పేలోపు వెనక నుంచి ఆస్బర్ట్ లేచాడు. అవును, నదిలో చేపలకు అడ్డుకట్ట కట్టి మన నీళ్ళు ఆపాడని మీ నాన్న చచ్చేదాకా కొట్లాడిన ఆస్బర్టే. మీ నాన్న ఉంటే ఆయన్ని గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు.

"నేనుంటాను రాసుకో," అన్నాడు గుమాస్తాతో. సభ నడిపే షెరీఫ్ నవ్వి, "నువ్వా? ఆమె మొగుడికీ నీకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది కదయ్యా," అన్నాడు.

"ఆయనతో తగువు తగువే, ఇప్పుడు లేచొచ్చినా కొట్లాడతాను. నదుల్లో అడ్డుకట్టలన్నీ పీకెయ్యాలని ఆ పత్రంలో ఉందని చెప్పి నా కట్ట పీకించారా లేదా? దానివల్ల నేనెటూ మునిగాను. ఎవరో ఒకరైనా ఒడ్డెక్కకపోతే ఇంకెందుకండీ అది?"

సభంతా నవ్వింది. గుమాస్తా రాసుకున్నాడు, షెరీఫ్ సరేనన్నాడు. డ్రోగో మనిషి ఒక మూల నిలబడి అంతా విని వెళ్ళిపోయాడు. నిజంగానే బలవంతమేమీ చేయలేదు. దారిలో ఆస్బర్ట్‌కు దణ్ణం పెడితే, "దానికేముందమ్మా, కానీ ఆ నీళ్ళ సంగతి మాత్రం మీ అబ్బాయి వచ్చాక తేల్చుకుంటా," అన్నాడు. నువ్వొచ్చాక అనే మాట వేరేవాళ్ళ నోట విన్నందుకు నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి చాలాసేపు పైదుస్తులు కూడా తీయకుండా కూర్చున్నాను. గెలిచినట్టు ఏమీ అనిపించలేదు. ఇల్లు ఎప్పటికంటే పెద్దగా, చల్లగా ఉంది.

నీ ఆస్తి కోసమే వద్దన్నానని రాస్తే నీకు కాస్త ఓదార్పుగా ఉండేది. అది సగం నిజం కూడా. వారిన్ ఈ ఇంట్లో అడుగుపెడితే నా వాటా కూడా వాళ్ళ చేతికి పోతుంది, నువ్వు పెద్దవాడివయ్యేసరికి నీకు చెట్ల మొదళ్ళు మిగులుతాయి. కానీ సభలో లేచి నిలబడినప్పుడు నా మనసులో చెట్లు లేవు, నువ్వు కూడా లేవు. ఈ మాట రాయడానికే ఇన్ని రోజులు ఉత్తరం మొదలుపెట్టలేకపోయాను. పద్నాలుగేళ్ళకు నన్ను మీ నాన్న చేతిలో పెట్టారు. నన్నెవరూ అడగలేదు. ఆయన మంచివాడు కావడం నా అదృష్టం, అంతే. ఈ వయసులో, పుట్టాక మొదటిసారి, నిండు సభలో ఒక మనిషి నన్ను నీకిష్టమా అని అడిగాడు. లోపల్నుంచి వద్దనే మాటే వచ్చింది. అది బయటికి వస్తుంటే హాయిగా ఉంది నాయనా. ఆ హాయిలో ఒక్క క్షణం నిన్ను మరిచిపోయాను. మరుక్షణమే నువ్వు గుర్తొచ్చావు, అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

నువ్వు వచ్చేసరికి గడ్డం వచ్చి ఉంటుంది, గొంతు మారి ఉంటుంది. ఆ మార్పులన్నీ వేరేవాళ్ళు చూస్తారు. నాకు అది చాలా కష్టంగా ఉంది, కష్టంగా లేదని నటించను. నన్ను అర్థం చేసుకోమని ఇప్పుడే అడగను, ఇంత చిన్నవాణ్ణి అలా అడగడం న్యాయం కాదు. నీకు కోపం వస్తే వచ్చినంత కోపంగానే రాయి, తిట్టి రాసినా దాచుకుంటాను. రాయడం మాత్రం మానకు. హామన్ తిరుగు ప్రయాణంలో నీ దగ్గర ఒక రాత్రి ఆగుతానన్నాడు. వాడు ఉత్త చేతులతో వస్తాడేమోనని నాకు భయంగా ఉంది.

ఇట్లు,
నిన్ను రప్పించుకునే వీలుండి కూడా రప్పించుకోని
మీ అమ్మ,
హవీస్