కడిగిన క్యాన్లు

శుక్రవారం, హిందూపురం

తాడిమర్రి ఆడవాళ్ల తరఫున నాగమ్మ తెచ్చిన కానుగ నూనెతో నిన్న చేసిన బయోడీజిల్‌ను ఇవాళ మా ఫ్యాక్టరీ ల్యాబులో పరీక్షించాను. సీసాలో సగం డీజిల్, సగం నీళ్లు పోసి ఊపాను. మంచిదైతే కాసేపటికి నీళ్లు అడుక్కి దిగి, డీజిల్ పైన తేటగా తేలాలి. నేను భోంచేసి వచ్చాక కూడా సీసా నిండా తెల్లగానే ఉంది. నూనెలో తడి చేరితే కొంత సబ్బుగా మారిపోతుంది. అదే ఇది.

ఖాళీ క్యాన్ల కోసం వచ్చిన నాగమ్మ పక్కనే నిలబడి చూస్తోంది.

"పాల మాదిరి ఉండాది. బాగొచ్చినట్టేనా మేడమ్?"

"నూనె పోసేటప్పుడు క్యాన్లలో నీళ్లేమైనా ఉన్నాయా నాగమ్మా?"

"నీళ్లెందుకుంటాయి? పోయినసారి బాగలేదన్నారని ఈ తూరి ఇంకా బాగా కడిగి, అట్నే నూనె పోసినాము. కడగకుండా యాడన్నా పోస్తారా?"

ఆ కడిగిన తడే నూనెలో చేరింది. కడగొద్దని వాళ్లకు ఎవరు చెప్పారు గనక? రెండోసారి కూడా చెడితే ఆ ఊరి ఆడవాళ్ల దగ్గర ఇక కొనేది లేదని మేనేజర్ ముందే అన్నాడు. 'పనికిరాదు' అని రిపోర్టులో రాసి సంతకం పెట్టాను. బాధ కలగలేదు. ఇప్పటికీ కలగడం లేదు.

ఇది కూడా చెడిందని మాత్రం ఆమెతో చెప్పాను. ఎందుకు చెడిందో చెప్పలేదు, ఆమె అడగలేదు. ఖాళీ క్యాన్లను మా కొళాయి దగ్గరే పీచుతో రుద్ది రుద్ది కడుక్కుని, ధర్మవరం బస్సుకు వెళ్లిపోయింది.

కడగొద్దని చెప్పబోయాను. ఇక వాటిలో నూనె ఇక్కడికి రాదు కదా అని ఊరుకున్నాను.