ఆరు టెరాబైట్ల ఖాళీ

ఆగస్టు 18, సోమవారం

ఇవాళ లెక్క పూర్తయింది. రెండో అంతస్తులోని చలి గదిలో పదకొండు స్టోరేజ్ పెట్టెలు ఉన్నాయి. మా డయాగ్నస్టిక్ కంపెనీకి నలభై సెంటర్లు. ఎక్కడ ఎవరి మోకాలు, మెదడు స్కాన్ తీసినా ఆ బొమ్మ వచ్చి పడేది సికింద్రాబాద్‌లోని ఈ పెట్టెల్లోనే. డిపార్ట్‌మెంట్‌కో పెట్టె. బిల్లింగ్ వాళ్లది సగానికి పైగా ఖాళీ. స్కాన్ల పెట్టె గొంతు దాకా నిండింది. అయినా ఒకరిది ఒకరికి ఇవ్వరు. ఎవడి కంచె వాడిదే.

స్టేషన్ ఎదురుగా ఫుట్‌పాత్ మీద నేను కొనే ఎర్ర అట్ట పుస్తకాలు ఏం చెబుతున్నాయి? కంచె ఉన్నచోట ఒకడు కుళ్లబెట్టుకుంటాడు, ఇంకొకడు పస్తుంటాడు. ఇక్కడా అంతే!

స్టోరేజ్ వర్చువలైజేషన్ అంటే నా దృష్టిలో కంచెలు పీకడం. పెట్టెలన్నీ కలిపి ఒకే పూల్ చేస్తాం. ఎవరెంత అడిగినా అంత ఇచ్చినట్టు కనిపిస్తుంది. నిజంగా ఖర్చయ్యేది మాత్రం వాళ్లు రాసుకున్నంతే. ఏడు పెట్టెలు చాలు. నాలుగు ఆపేయొచ్చు. కరెంటు, ఏసీ, మెయింటెనెన్స్ అన్నీ తగ్గుతాయి.

షంషీర్ భాయ్‌కి చెబితే నవ్వాడు. మంచిదే గానీ బేటీ, అందరికీ ఒకటే గిన్నె అయితే ఆ గిన్నె మీద ఒక కన్ను ఎప్పుడూ ఉండాలె అన్నాడు. పద్నాలుగేళ్లుగా కాంట్రాక్ట్ మీదే ఉన్నాడు. నాకు పని నేర్పింది ఆయనే.

ఆగస్టు 22, శుక్రవారం

రిపోర్టు ఇచ్చేశాను. పన్నెండు పేజీలు.

ఆరో పేజీ రాస్తున్నప్పుడు కోపం ఆగలేదు. ZZ_TEST_OLD అని ఒక వాల్యూమ్ ఉంది. ఆరు టెరాబైట్లు. లోపల ఏమీ లేదు. ఏళ్లుగా ఎవరూ ముట్టలేదు. పక్కన స్కాన్ల వాళ్లు చోటు లేక అల్లాడుతుంటే ఇక్కడ ఇంత ఖాళీని బిగించి కూర్చున్నదెవరు? యజమాని కాలమ్‌లో షంషీర్ భాయ్ పేరుంది. ఉన్నదున్నట్టు రాశాను. కింద ఒక వాక్యం చేర్చాను: కరువులో గోదాము నిండా బియ్యం దాచిన షావుకారుకీ, ఇలా చోటు దాచినవాళ్లకీ తేడా లేదు.

ఆయన్ని అడగలేదు. అడిగితే మెత్తబడతాను. సిద్ధాంతం దగ్గర తన, పర ఉండకూడదు.

రిపోర్టు ఇస్తూ మేనేజర్ భానుప్రకాశ్ ముందు షరతు పెట్టాను. మిగిలే డబ్బుతో షంషీర్ భాయ్‌ని పర్మనెంట్ చేయాలన్నాను. ఆయన చేతులకు శానిటైజర్ రాసుకుంటూ, తప్పకుండా నవతా, మనమంతా ఫ్యామిలీ కదా అన్నాడు.

సెప్టెంబర్ 8, సోమవారం

అయిపోయింది. ఒకే పూల్. నాలుగు పెట్టెలు ఆగాయి. గది సగం నిశ్శబ్దమైంది. ఆరో పేజీలోని ఆ వాల్యూమ్‌ని నేనే డిలీట్ చేశాను. ఎంత హాయిగా ఉందో!

పూల్ 71 శాతం.

సెప్టెంబర్ 12, శుక్రవారం

షంషీర్ భాయ్‌ని తీసేశారు.

సెప్టెంబర్ 12, అదే రోజు, సాయంత్రం ఆరు

పొద్దున పదింటికి పిలిచారు. పదకొండుకి ఆయన టిఫిన్ డబ్బా, స్వెటర్ పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. చలి గదిలో వేసుకునే ఆకుపచ్చ స్వెటర్ అది. నన్ను చూసి, జెర పూల్ జాగ్రత్త బేటీ అన్నాడంతే.

భానుప్రకాశ్ గదికి పరిగెత్తాను. మాట ఇచ్చారు కదా అన్నాను. నవతా, ఎమోషనల్ అవ్వకు, ఇది కాస్ట్ ఆప్టిమైజేషన్, నువ్వు రాసిందే కదా అన్నాడు. మూడింటికి, నాలుగు పెట్టెలు ఆపిన సంబరానికి కేక్ కోశారు. కేక్ మీద పచ్చటి ఆకు బొమ్మ. పర్యావరణమట! నా ముక్క టిష్యూతో సహా డస్ట్‌బిన్‌లో వేశాను. అందరూ చూసేలా వేశాను.

నేను రాసిన రిపోర్టుతోనే నాకు పని నేర్పిన మనిషిని గెంటారు. దీనికి బదులు తీర్చుకోకపోతే నా పేరు నవత కాదు.

సెప్టెంబర్ 15, సోమవారం

దారి దొరికింది.

పూల్ 80 దాటితే అలర్ట్ మెయిల్ వెళ్లాలి. ఎవరికి? షంషీర్ భాయ్‌కి. ఆయన మెయిల్ బాక్సు శుక్రవారం పదిన్నరకే మూసేశారు. అంటే అలర్ట్ ఎవరికీ వెళ్లదు. కన్సోల్ తెరిచి చూసేది నేనొక్కదాన్నే.

భానుప్రకాశ్ ఏమో డిపార్ట్‌మెంట్లన్నిటికీ మెయిల్ పెట్టాడు, కావలసినంత వాడుకోండి, ఇప్పుడు మన దగ్గర కొరతే లేదు అని. వాళ్లకి తెరమీద సముద్రం కనిపిస్తోంది. ఉన్నది తొట్టెడు. పాత బ్యాకప్పులు, పెళ్లి ఫోటోలు సుత కుమ్మరిస్తున్నారు.

ఈ నెల 30న ముంబై హెడ్ ఆఫీసు వాళ్లు వస్తారు. భానుప్రకాశ్ తన ఘనకార్యం చూపిస్తాడు. ఈ వేగంతో పూల్ నిండేది కూడా దాదాపు అదే రోజు. వందకి చేరితే రాయడం ఆగిపోతుంది. అన్నీ ఆగిపోతాయి. ఆయన నవ్వు కూడా.

నేనేమీ చేయను. ఏమీ చేయకపోవడమే నా పని.

సెప్టెంబర్ 17

83.

సెప్టెంబర్ 22, సోమవారం

89. బస్సులో యాప్రాల్‌లోని మా ఇంటి దాకా నవ్వుకుంటూనే వచ్చాను. ఏందే, జీతం పెరిగిందా అని అమ్మ అడిగింది. పెరుగుతోందమ్మా అన్నాను.

స్కాన్లు ఆగితే పేషెంట్ల సంగతేంటని ఒకసారి అనిపించింది. ఒక గంట, రెండు గంటలు. అన్యాయాన్ని కూల్చేటప్పుడు కొంత దుమ్ము లేస్తుంది. పుస్తకంలో ఉంది.

సెప్టెంబర్ 26, శుక్రవారం

94.

ఇక ఆగలేకపోయాను. ఈ సంతోషం ఆయనకి చెందాలి. మధ్యాహ్నం సెలవు పెట్టి రెజిమెంటల్ బజార్ వెళ్లాను. తన బామ్మర్ది ట్రంకుపెట్టెల దుకాణంలో కూర్చుంటున్నాడు షంషీర్ భాయ్. పెట్టెల మధ్య స్టూలు మీద అదే స్వెటర్, ఆ ఎండలో. అలవాటు పోతలేదు అన్నాడు. చాయ్ తెప్పించాడు. నేను నోరు తెరిచేలోపు అడిగాడు, పూల్ ఎంతుంది బేటీ అని.

తొంభై నాలుగు అని గర్వంగా చెప్పాను.

చేతిలోని గ్లాసు కింద పెట్టేశాడు. తొంభై నాలుగుంటే నువ్వు గీడ ఏం చేస్తున్నవ్ అన్నాడు. ఆయన గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. నా పథకం అంతా చెప్పాను. మీ కోసమే భాయ్ అన్నాను. ఆయన మెచ్చుకోలేదు. గా స్కాన్లు భానుప్రకాశ్‌వా అని అడిగాడు. పెట్టెలు నిండి ఆగినయంటే ఎంత పరేషానో నీకు తెల్వదు, అందుకే గదా బండికి పెట్టుకున్నట్టు స్టెప్నీ పెట్టుకున్న అన్నాడు.

స్టెప్నీ ఏంటి అన్నాను.

గదే, ఆరు టెరాబైట్లు. ఆరేళ్ల కింద ఒక దినం పెట్టె నిండి అన్నీ బంద్ అయినయట. అప్పుడు చోటు కొనాలంటే నాలుగు నెలలు పట్టింది. అప్పటినుంచి ఒక ఖాళీ వాల్యూమ్ కట్టి, ఎవరి కన్నూ పడని పాడు పేరు పెట్టి ఉంచాడు. ప్రాణం మీదికి వచ్చిన రోజు దాన్ని డిలీట్ చేస్తే చాలు, ఊపిరి వస్తుంది. రెండుసార్లు అట్లే కాపాడిన, మళ్ల కట్టి పెట్టిన, ఎవ్వనికి తెల్వదు అన్నాడు.

తర్వాత ఇంకో మాట అన్నాడు. నన్ను తీసేసేటప్పుడు సార్ ఒక కాయితం చూపించిండు, ఆరో పేజీ. ఎవరో మంచిగ చదువుకున్నోళ్లు రాసిన్రు. బియ్యం దాచిన షావుకారి లెక్క ఉన్ననంట నేను. ఇంటికి పోయి నా బీవీ ఇష్రత్‌కి సుత చెప్పలే, షరమ్ అనిపించింది.

పేరు లేని పేజీ చూపించారు. రాసింది ఎవరో ఆయనకి తెలియదు.

చాయ్ మొత్తం తాగాను. నేనే అని చెప్పలేదు.

లేచి వస్తుంటే, నానాను లేపు బేటీ అన్నాడు. నానా అంటే తాత, ఏడో నంబరు పెట్టెకి ఆయన పెట్టుకున్న పేరు, అన్నిటికంటే ముసలిది. ఆపేసిన నాలుగింటిలో ఒకటి. దాని కేబుల్స్ నేను తీయలే, తీయబుద్ధి కాలే, స్విచ్ వేసి పూల్‌ల కలిపితే చాలు అన్నాడు.

సెప్టెంబర్ 26, సాయంత్రం

స్విచ్ ముందు నిలబడ్డాను. వేయలేదు.

ఇప్పుడు వేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. భానుప్రకాశ్ గెలుస్తాడు. షంషీర్ భాయ్ దొంగగానే మిగిలిపోతాడు. శిక్ష పడాల్సిన పేర్లు రెండు ఇప్పుడు. రెండోది నాది. అయినా మొదటిదాన్ని వదిలేదెలా?

సెప్టెంబర్ 29, సోమవారం

97.

భానుప్రకాశ్‌కి చెప్పాను. చెప్పి చూద్దాం, మనిషేనేమో అనుకున్నాను. మొహం పాలిపోయింది. రెండు నిమిషాల్లోనే సర్దుకున్నాడు. రేపు విజిటర్స్ ముందు నోరెత్తకు నవతా అన్నాడు. ఏమైనా అయితే సెట్టింగులు షంషీర్ పాడుచేసి పోయాడని రాసేద్దాం, ఎలాగూ అతని మీద ఆరో పేజీ ఉంది కదా అన్నాడు. మళ్లీ శానిటైజర్ రాసుకున్నాడు.

అంటే నా పగ పేలితే పోయేది షంషీర్ భాయ్ పరువే. ఈ రెండు వారాలూ నేను మోసిన నిప్పు ఆయన ఇంటి మీద పెట్టడానికి.

రేపు.

సెప్టెంబర్ 30, మంగళవారం

ముంబై నుంచి ముగ్గురు వచ్చారు. ఆపేసిన నాలుగు పెట్టెలకీ భానుప్రకాశ్ బంతిపూల దండలు వేయించాడు, రేపటి ఆయుధపూజ పేరు చెప్పి. వీటికి రిటైర్మెంట్ ఇచ్చాం సార్, చూడండి ఎంత ఆదా అన్నాడు. వాళ్లు ఫోటోలు తీసుకున్నారు.

పదకొండుంబావుకి 100. ఫోన్ మోగింది. సైనిక్‌పురి సెంటర్. స్కాన్ సేవ్ కావడం లేదు, పెద్దాయన ఒకరు మిషన్ మీదే పడుకుని ఉన్నాడు, మళ్లీ మొదటినుంచి తీయాలా అని అవతల అమ్మాయి ఏడుపు గొంతుతో అడిగింది. ఈ దుమ్ము గురించి పుస్తకం చెప్పలేదు.

నానా మెడలోని దండ తీసి కింద పడేశాను. స్విచ్ వేశాను. ఫ్యాన్లు విమానంలా లేచాయి. ముంబై వాళ్లు చెవులు మూసుకున్నారు. పచ్చ దీపాలు ఒక్కొక్కటిగా వెలుగుతుంటే భానుప్రకాశ్, ఏం చేస్తున్నావ్, పిచ్చా అని అరిచాడు. మీరు చంపేసిన ముసలాయన్ని లేపుతున్నాను సార్ అన్నాను. కీబోర్డు ముందు కూర్చుని దాన్ని పూల్‌లో కలపడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఆ ఇరవై రెండు నిమిషాలూ మాట్లాడుతూనే ఉన్నాను. అలర్ట్ ఎవరి బాక్సుకి పోతుందో, దాన్ని ఎవరు మూయించారో, నిన్న నాతో ఏమన్నారో. ఆరు టెరాబైట్ల ఖాళీ దొంగసొత్తు కాదు, స్టెప్నీ అని. ఆరో పేజీ రాసింది నేనే అని. రెండు వారాలుగా చూస్తూ కూర్చున్నదీ నేనే అని.

88కి దిగింది.

ముంబై వాళ్లలో పెద్దావిడ నోట్‌బుక్కులో ఏదో రాసుకుంది. భానుప్రకాశ్ నవ్వలేదు. దానికోసమే కదా ఇంతా. చూశాను. అనుకున్నంత తీపిగా లేదు. కొంచెం ఉంది.

సాయంత్రం నా గేటు కార్డు తీసుకున్నారు. భానుప్రకాశ్‌ని కూడా ముంబై పిలిచారట.

అక్టోబర్ 4, శనివారం

రెజిమెంటల్ బజార్. ఆ పేజీ రాసింది నేనే భాయ్ అన్నాను. ఆయన ట్రంకుపెట్టె మూత తుడుస్తూనే ఉన్నాడు. చాయ్ చెప్పలేదు. తుడవడం అయ్యాక అడిగాడు, పూల్ ఎంతుంది అని.

తెలియదన్నాను. ఇప్పుడు ఆ గిన్నె మీద కన్ను ఎవరిదో కూడా తెలియదన్నాను.

అప్పుడు వచ్చింది ఆయనకి కోపం.