బురుజు మీంచి నెట్టిన రాయి

మార్చి 4, మంగళవారం

మళ్లీ తవ్వారు. తూర్పు బురుజు కింద నడుములోతు గొయ్యి. నిమ్మకాయలు, కుంకుమ, తల తెగిన నల్లకోడి... కొండ మీద ఇంత కోటకు కాపలా ఇద్దరమే, నేనూ బాబయ్యన్నా. గొయ్యి పూడ్చేసరికి పదకొండయింది.

"ఈసారి కోడిని కోసినారు. ఇంగ మనిషినే కోస్తారు పాపా" అన్నాడు అన్న.

పాళెగాడు దండు జీతాల పెట్టె అక్కడ పాతిపెట్టాడని ఊళ్లో పుకారు. మా ఆయన ఉంటే నవ్వేవాడు. పన్నెండేళ్లు సిపాయిగా చేసిన మనిషి. సరిహద్దులో తూటా తగిలి పోయి ఆరేళ్లు.

మార్చి 7

మరిది ఎర్రిస్వామి వచ్చాడు. "ఆదివారం గూడా కొండెక్కుతావా వదినా?" ఎక్కుతానన్నాను. ముఖం చిట్లించుకుని పోయాడు.

మార్చి 9, ఆదివారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

మిట్టమధ్యాహ్నం. నేను బురుజు మీద, అన్న కింద నీడలో. ఢామ్మని పేలింది — క్వారీ మందు. బురుజు పక్క గోడ కూలింది. దుమ్ములోంచి ముగ్గురు, ముఖాలకు తువ్వాళ్లు.

అన్న లాఠీ ఎత్తి వాళ్ల మీదికి పోయాడు. "ఏమప్పా, ఇది మీ అబ్బ సొత్తనుకున్నారా!"

ఆకుపచ్చ తువ్వాలువాడు గడ్డపారతో కొట్టాడు. తల మీద. అన్న మోకాళ్ల మీద కూలాడు. వాడు మళ్లీ ఎత్తాడు.

నా పక్కనే గుండు రాళ్లు. ఒకప్పుడు కోట ఎక్కే దండు మీదికి దొర్లించడానికి పేర్చినవి. ఒకదాన్ని రెండు చేతులతో నెట్టాను. వాణ్ణి చూసే నెట్టాను. ఎముక విరిగిన చప్పుడు పైదాకా వినబడింది. మిగతా ఇద్దరూ పరుగు.

దిగి ఆ ఆకుపచ్చ తువ్వాలు లాగాను.

"వదినా... నేను..."

ఎర్రిస్వామి.

మార్చి 10

అనంతపురం ఆసుపత్రి. మరిది కాలు మోకాలి కింద తీసేశారు. బాబయ్యన్నకు తెలివి రాలేదు.

రాయి నెట్టింది నేనని మరిది నోట విని, అత్త వార్డులోనే నా జుట్టు పట్టుకుని తల గోడకు కొట్టింది. "పెద్దోన్ని యుద్ధం తినె. సిన్నోన్ని నువ్వు తింటివి కదే!"

నుదురు చిట్లింది. చేయి అడ్డం పెట్టుకోలేదు నేను.

మార్చి 11

ఇది ఇక్కడే రాస్తాను, ఇంకెక్కడా చెప్పను. రాయి కదిలినప్పుడు భయం వేయలేదు. సంతోషం వేసింది. మా ఆయన్ని చంపినవాళ్ల ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఆ క్షణం, వీడే వాడనిపించింది...

మార్చి 12

మరిది మంచం దగ్గరికి పిలిచాడు. "మేకల కోసం పోయి, రాయి జారి మీద పడిందని ఎస్సైకి చెప్పినా. నిన్నింకా అడగలేదు గదా, నువ్వూ అదే చెప్పు. ఇద్దరమూ బతుకుతాం."

"బాబయ్యన్నను కొట్టిందెవరు?"

"వాళ్లిద్దర్లో ఎవడో. నాకు తెల్దు."

నా ముఖంలోకి చూస్తూనే అన్నాడు.

మార్చి 13

తెల్లవారేసరికి బాబయ్యన్న పోయాడు. కళ్లు తెరవకుండానే.

మార్చి 14

కుందుర్పిలో బాబయ్యన్న ఇంటికి పోయాను. అత్త నా వెనకే వచ్చి వాకిట్లో నిలబడింది. అన్న భార్య హుసేన్‌బీ లేవలేదు. కూర్చున్నచోటే నా చేయి పట్టుకుంది.

"సూసినోళ్లు ఎవురూ లేరని ఎస్సై చెప్తాండాడు. నువ్వు ఆడ్నే ఉంటివి కదమ్మా. సూసినావా?"

"సూసినా."

ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. "ఎవురు?"

రేపు స్టేషన్లో చెప్తానన్నాను.

ఇంటికి రాగానే అత్త పళ్లెంలో సంగటి పెట్టి నా ముందుకు తోసింది. తలుపు వేసింది. గడపకు అడ్డంగా చాప పరిచి కూర్చుంది.

ఇంకా అక్కడే ఉంది.