నిటారు బనీను

ఎమ్మిగనూరు,
2025 నవంబరు 17, సోమవారం.
పొద్దున మంచు, ఇప్పుడు ఎండ. నీళ్ల తొట్టి కడిగి నింపినాను.

చిరంజీవి ధనుంజయకు మీ నాయన దీవించి రాసేది. మీ అమ్మా నేనూ బాగానే ఉన్నాము. నీవు బెంగుళూరులో వేళకు తింటున్నావని తలుస్తాను. మన వీధిలో మాత్రం ఒక ఇల్లు బాగలేదు. ఆ సంగతి కింద రాస్తాను.

ఫోన్ చేయవచ్చు గదా అంటావు. ఫోన్లో నీవు గడగడ మాట్లాడుతావు, నేను ఊ అంటాను. నా ఊ నీకు ఒప్పుకున్నట్లు వినపడుతుంది. దినమూ ఖర్చులు రాసుకునే అలవాటు వల్ల నా చేతికి రాయడం వస్తుంది గానీ, నోటికి మాట రాదు.

నడుము నొప్పికని నీవు అమ్మే నిటారు బనీన్ల పార్సిలు, అందులో నీవు పెట్టిన కాగితం అందినాయి. అమ్మ మోకాళ్ల గురించి అడిగినావు. చలికి పట్టుకుంటున్నాయి, పొద్దునపూట కష్టం. ఇంటి మీద కారే రేకు మార్చినాము. ఇంక బనీను వేసుకుంటున్నావా, నొప్పి తగ్గిందా అని అడిగినావు. తగ్గిందని వీడియో తీసి పంపితే మగ్గాల వాళ్లు నీ మాట నమ్ముతారు, ఆదోనిలోనూ గూడూరులోనూ ఏజెన్సీ పెట్టుకుంటాను అని రాసినావు. దానికి జవాబు రాయడానికే కూర్చున్నాను.

వేసుకున్నాను. నిలబడితే భుజాలు వెనక్కి లాగుతుంది, అది నిజం. వీధిలో పోతుంటే నరసన్న చూసి, "ఏం గిడ్డన్నా, పోలీసు సెలెక్షనుకు పోతాండావా? మనిషి కంటే ముందు ఛాతీ వస్తాంది!" అన్నాడు. మగ్గం గుంటలో దిగితే అది వేరే కథ. పోగు తెగితే వంగి అతకాలి. వంగితే బనీను వెనక్కి గుంజుతుంది. పొద్దంతా నాకూ దానికీ కొట్లాట. సాయంత్రానికి నడుము నొప్పి అట్లే ఉంది, భుజాలకు కొత్తది వచ్చింది. చంకల కింద ఒరుసుకుని తోలు లేచింది. విప్పితే తడిసిన రబ్బరు కంపు. విప్పిన కాసేపటికే వెన్ను మళ్లీ ఎప్పటి చోటికే వచ్చింది. నాలుగు వేల రూపాయల గుడ్డ ఒంటి మీద ఉన్నంతసేపు మనిషిని పట్టుకుంటుంది, అంతకు మించి ఏమీ చేయదు. నిలబడి పని చేసేవాళ్లకు ఏమైనా మేలేమో, నాకు తెలియదు. డబ్బా మీద 'వెన్ను నిటారు, బతుకు నిటారు' అని అచ్చు వేసినారు. అది చదివితే నాకు రోత పుడుతుంది.

దసరాకు వచ్చినప్పుడు మన అరుగు మీద నీవు చేసిన తమాషా తలుచుకుంటే కూడా రోతే. నన్ను చేతులు చాపమన్నావు. బనీను లేకుండా తోస్తే తూలినాను. తొడిగి తోస్తే కదలలేదు. అందరూ చప్పట్లు కొట్టినారు. మొదటిసారి నీవు నా మణికట్టు మీద తోసినావు, రెండోసారి భుజానికి దగ్గర. అది బనీను మహిమ కాదని నాకు అప్పుడే తెలిసింది. పదిమందిలో కొడుకు పరువు ఎందుకు తీయాలని ఊరకున్నాను. నీకు తెలిసే చేసినావా, కంపెనీ వాళ్లు నేర్పినట్లు చేసినావా, అది నాకు రాయి.

నేతగాళ్ల సంఘంలో చీరలు పరిచి చూసే పని నాదని నీకు తెలుసు. తప్పుంటేనే నోరు తెరుస్తాను. బాగుంటే మడిచి పక్కన పెడతాను. 'గిడ్డన్న ఊరకుంటే బాగున్నట్లే' అని అందరి లెక్క.

నీవు పోయిన మర్నాడు మాదన్న భార్య హులిగమ్మ వచ్చింది. మాదన్న నడుము నుంచి కాలి దాకా గుంజుతోందని ఆదోనిలో డాక్టరుకు చూపించి ఉండినారు. నెల దినాలు మగ్గం ఎక్కొద్దన్నాడంట.

"నెల మగ్గం ఆగితే మేమేం తినాలన్నా? ఈ బనీను ఏసుకుంటే కూసోవచ్చునంట గదా, మీ ధనుంజయ సెప్పె. బాగుందా అన్నా?"

నేను నూలు కండెలు ఏరుతూ ఉన్నాను. తల ఎత్తలేదు. ఆమె "సరేలే అన్నా" అని పోయింది. ఆ సాయంత్రమే నీకు ఫోను చేసి తెప్పించుకున్నారు.

మాదన్న ఆ బనీను బిగించుకుని దినమూ గుంటలో కూర్చున్నాడు. కాలు మొద్దుబారి నొప్పి తెలియకపోతే, గుడ్డ పని చేస్తోందని అనుకున్నాడు. పోయిన వారం గుంటలో నుంచి లేచి నడిస్తే కుడి పాదం పైకి లేవలేదు. వేళ్లు సిమెంటు మీద గీసుకుంటూ వస్తాయి. ఆదోనికి నేను తోడు పోయినాను. డాక్టరు బనీను విప్పించి, వేలి కొసలతో పట్టుకుని, "ఇది ఎవరిచ్చినారయ్యా? అప్పుడే మగ్గం ఆపి ఉంటే నరం ఇంత నలిగేది కాదు. పాదం మళ్లీ లేస్తుందో లేదో చెప్పలేను" అన్నాడు. మాదన్న నా వైపు చూసినాడు. నేను మందుల చీటీ తీసుకుని బయటికి నడిచినాను.

బస్టాండులో హులిగమ్మ అన్నది: "బాగుందని నువ్వు సెప్పలేదన్నా, నిజమే. బాగలేదని సెప్పలేదు గదా! నీ నోరు ఉండేదే అందుకు గదా!"



ఇప్పుడు నీకు చెప్పవలసినది. చెప్పకుండానే ఒక పని చేసినాను. శనివారం సంఘంలో అందరూ ఉన్నప్పుడు నా బనీను తీసుకుపోయి చీరలు పరిచే బల్ల మీద పరిచినాను. "ఇది నా కొడుకు అమ్ముతాండాడు. బాగలేదు. ఎవరూ కొనొద్దండి. మాదన్న కాలికి నేను ఊరకుండడమే కారణం" అన్నాను. నరసన్న, "ఏమప్పా, కొడుకు సరుకే తిప్పికొడితివి, ఇంక మాది ఏం మిగిలిస్తావు?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఎమ్మిగనూరులో నీ ఏజెన్సీ అయిపోయినట్లే. ఆదోనికి కూడా ఆ మాట పోయి ఉంటుంది. నీకు కోపం వస్తుంది, రానీ. పార్సిలులోని తక్కిన బనీన్లు తిరిగి పంపుతాను.

మాదన్న మగ్గం మీద పడుగు సగం నేసి ఉంది. మధ్యాహ్నాలు పోయి నేను కూర్చుంటున్నాను. ఆయన మంచం మీద నుంచి చూస్తాడు. నేతలో నా దెబ్బ గట్టిది, ఆయనది మెత్తన. నేను నేసిన మేర చీరలో వేరుగా తెలుస్తోంది. తప్పని నేనే చెప్పాల్సిన చీర అది. ఆయన చెయ్యి పడినట్లు నేయగలిగేవాడు నీవొక్కడివే. నాడె పట్టి నేయడం నీవు నా దగ్గర నేర్చుకోలేదు, ఆయన దగ్గర నేర్చుకున్నావు. వచ్చి ఆ పడుగు నేసి దించి పో. నీవు వస్తావని హులిగమ్మకు నేను చెప్పలేదు. రాకపోతే రానని రాయి, ఆమెకు అదే చెప్తాను.

ఇట్లు,
నీ నాయన
గిడ్డయ్య