అందరి చెయ్యి పడ్డ గోడలు

యాదగిరన్నా,

వారమంతా హైటెక్ సిటీ పనికి పోయి, ఆదివారాలు కొత్తగూడలో మన సంఘం కట్టుకున్న ఇళ్లకు ఈ రోజు చీటీలు తీశాం. అన్నీ పూర్తయ్యేదాకా ఏ ఇల్లు ఎవరిదో తేల్చొద్దని కమిటీలో నువ్వు పట్టుబడితే అందరం నీ మీద లేచాం. తనది కాని గోడకు నీళ్లెవరు కొడతారన్నాం. నువ్వు చనిపోయాక కూడా నీ మాట తప్పలేదు, అన్ని గోడలూ తడిపాం. చీటీల దగ్గర గొడవవుతుందని భయపడ్డాను. ఒక్కరూ నోరెత్తలేదు. హమ్మయ్య అనుకున్నాను.

వదినకు చివరి ఇల్లు వచ్చింది. తాళం తీసి, "గీ ఇంట్ల మీ అన్న కట్టిన గోడ ఏది?" అని అడిగింది.

"అన్నిట్ల చెయ్యేసిండు వదినా, గిదొక్కటే అని ఎట్ల చెప్త?"

"అయితే ఇగ ఫికర్ లేదు" అని, దగ్గరున్న గోడకే ఆనుకుని కూర్చుంది.