చిన్నికి చిరగని ప్యాంటు

శనివారం, అంకులి

చిన్ని ఈ నెలలో మూడో ప్యాంటు చింపేసింది. మళ్ళీ మోకాళ్ల దగ్గరే. "అయిదేళ్ల ఆడపిల్లకి ఆ ఎక్కడాలు, దూకడాలు ఏటి? గౌనేసి ఇంట్లో కూకోబెట్టు" అన్నారు అత్తయ్య. విసుగులో నేనూ సరేననుకున్నాను. అయినా ఆఖరి ప్రయత్నంగా వీధి చివర మిషను కుట్టే పార్వతక్క దగ్గరికి దాన్ని తీసుకెళ్లాను.

సముద్రం ఒడ్డునున్న పొడంపేట నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. టేపు ముట్టుకోకుండానే, "నువ్వు ఆడతావు కదా తల్లీ, ఎలాగో సూపించు" అని చిన్నిని అడిగింది. ఇది గొంతుక్కూర్చుంది, పాకింది, తలుపు పట్టుకుని ఎగబాకింది. అక్క కళ్లు దాని మోకాళ్ల మీదే ఉన్నాయి.

"గుడ్డ తప్పు కాదమ్మా. కూకుంటే బిగుసుకుంటంది. కాళ్లకి జాగా ఇవ్వాల" అంది.

మందపాటి జీన్సు గుడ్డ తీసింది. కాళ్ల మధ్య అదనంగా ఒక ముక్క కలిపింది. మోకాళ్ల లోపల రెండో పొర వేసి, రెండు వరసలు కుట్టింది. ఎంత పనితనం! నా కూతుర్ని నేనెప్పుడూ అంత శ్రద్ధగా చూడలేదేమో అనిపించి సిగ్గేసింది.

సాయంత్రం చిన్ని ఆ ప్యాంటుతో పక్కింటి జామచెట్టు ఎక్కింది. సగంలో జారి, కొమ్మ పట్టుకుని, మళ్ళీ ఎక్కింది. ప్యాంటు చెక్కు చెదరలేదు. నేనే చెట్టు కిందకి పరుగెత్తాను. దిగమని అరవబోయాను.

"అమ్మా, ఇక్కణ్ణించి రైలు అగుపిస్తంది!" అంది పైనుంచి.

కింద చేతులు చాచి నిలబడే, ఎన్ని పెట్టెలున్నాయో లెక్కపెట్టి చెప్పమన్నాను.